ఇంటి బార్‌కి అందమైన కాక్‌టెయిల్ షేకర్: తరచుగా అడిగే ప్రశ్నలు

హాల్లో ఒక మూల చిన్న బార్ అమర్చుకోవడం ఇప్పుడు మన ఇళ్ళలోనూ మామూలైంది. సీసాలు, గ్లాసుల గురించి అందరికీ ఎంతోకొంత తెలుసు. షేకర్ విషయంలోనే ఫొటోలో మెరుపు చూసి ఆర్డర్ పెట్టేస్తున్నారు. అలా కొన్నది రెండు మూడు వాడకాలకే మూత బిగుసుకుని, అంచుల్లో కారుతూ, రంగు లేస్తూ అటకెక్కుతుంది. షేకర్ అందాన్ని దాని ఆకారంలో, మూత కూర్చునే తీరులో వెతకమని చెప్పడానికే ఈ పేజీ. పైపూత సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

షేకర్ నిజంగా అవసరమా? పెద్ద గ్లాసులో చెంచాతో కలిపితే సరిపోదా?

కొన్నిటికి సరిపోతుంది. మార్టినీ, నెగ్రోనీ, మాన్‌హాటన్‌లలో దాదాపు అంతా మద్యమే ఉంటుంది. వాటిని ఐసుతో నెమ్మదిగా కలిపి వడగడితే చాలు. ఊపితే మసకబారిపోతాయి. నిమ్మరసం, పళ్ళరసం, పాలు, క్రీమ్, తెల్లసొన, వీటిలో ఏది పడినా మాత్రం షేకర్ కావాలి. విస్కీ సోర్, డైకిరీ, మార్గరీటా ఈ కోవలోవే.

ఊపేటప్పుడు మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. డ్రింకు చల్లబడుతుంది, కొంత ఐసు కరిగి నీళ్ళు కలుస్తాయి, గాలి చేరి పైన సన్నటి నురగ కడుతుంది. చెంచా ఈ మూడోది చెయ్యలేదు. 10, 12 సెకన్లు గట్టిగా ఊపితే డ్రింకు సున్నా కన్నా కిందికి, సుమారు −5 డిగ్రీల దాకా దిగుతుంది. ఐసు సున్నా దగ్గర కరిగేదైతే డ్రింకు అంతకన్నా ఎలా చల్లబడుతుందని అడుగుతుంటారు. కుల్ఫీ బండివాళ్ళు ఐసులో ఉప్పు ఎందుకు కలుపుతారో ఇక్కడ ఆల్కహాల్ చేసే పనీ అదే. దానివల్ల ఐసు సున్నా కన్నా తక్కువ వేడిలోనే కరుగుతుంది, కరగడానికి కావలసిన వేడిని డ్రింకులోంచి లాక్కుంటుంది. ఒకసారి ఆ స్థితికి చేరాక ఇంకా ఊపినా పెద్ద మార్పు ఉండదు.

కలిసిన నీళ్ళ గురించి బెంగ వద్దు. 90 మి.లీ. పోస్తే 120 దాటి బయటికొస్తుంది. ఆ నీళ్ళు కూడా కలుస్తాయని లెక్క వేసుకునే కొలతలు రాస్తారు.

కాబ్లర్, బోస్టన్, ప్యారిసియన్ అంటారు. తేడా ఏంటి?

కాబ్లర్‌లో మూడు భాగాలు ఉంటాయి. కింద పాత్ర, దాని మీద రంధ్రాల జల్లెడ ఉన్న భుజం, ఆపైన చిన్న టోపీ లాంటి మూత. వడపోత అందులోనే ఉంది కాబట్టి విడిగా ఏమీ కొనక్కర్లేదు. అమెరికాలో బ్రూక్లిన్‌కి చెందిన ఎడ్వర్డ్ హాక్ 1884లో ఈ మూడు ముక్కల షేకర్‌కి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా దాని పొందిక పెద్దగా మారలేదు. ఇంటి బార్‌లలో ఎక్కువగా కనిపించేది ఇదే.

బోస్టన్‌లో రెండే ముక్కలు. ఒక పెద్ద స్టీలు టిన్, దానిలోకి తలకిందులుగా దిగే మరో చిన్న టిన్, లేదా మందపాటి గాజు గ్లాసు. బార్లలో పనిచేసేవాళ్ళు చాలామంది దీన్నే వాడతారు. నోరు వెడల్పు కాబట్టి ఐసు పడెయ్యడం, కడగడం చిటికెలో అయిపోతుంది. రెండు ముక్కలే కాబట్టి చెడిపోవడానికి కూడా ఏమీ ఉండదు. వడపోత మాత్రం విడిగా కొనాలి. అంచుకి స్ప్రింగ్ చుట్టి ఉండే హాథార్న్ స్ట్రెయినర్ దీనికి జోడీ.

ప్యారిసియన్ ఈ రెంటికీ మధ్యరకం. రెండు స్టీలు ముక్కలే ఉంటాయి, కానీ పై ముక్క పాత్ర మీద అతుకు తెలియనంత తిన్నగా కూర్చుంటుంది. దూరం నుంచి చూస్తే ఒకే నున్నటి వంపు కనిపిస్తుంది. నా కంటికి మూడింటిలో అందమైనది ఇదే. కానీ జల్లెడ ఉండదు, పైగా అతుకు కచ్చితంగా లేకపోతే పట్టేస్తుంది. ఇందులో చౌకరకం జోలికి పోవద్దు.

మొదటిసారి కొంటున్నాను. ఏది తీసుకోమంటారు?

ఇంట్లో ఇద్దరే ఉంటే, వారానికోసారి ఒకటి రెండు డ్రింకులు చేసుకుంటే, మంచి రకం కాబ్లర్ తీసుకోండి. పట్టుకోవడం సులువు, నేర్చుకోవడానికి ఏమీ లేదు, షెల్ఫులో నిలబెట్టినా బొమ్మలా ఉంటుంది.

శనివారం రాత్రి నలుగురైదుగురు స్నేహితులు వచ్చే ఇల్లయితే రెండు స్టీలు టిన్నుల బోస్టన్ మేలు. మొదటి రెండు రోజులు చేతికి అలవాటవ్వాలి, అంతే. గాజు గ్లాసుతో వచ్చే బోస్టన్ ఇంటికి వద్దని నా సలహా. తడిచేతిలో జారుతుంది. దాన్ని తెరవాలంటే తట్టాలి, గాజుని తట్టడం ఎప్పుడూ ప్రమాదమే. పైగా గాజు మందం వల్ల ఐసు చల్లదనంలో కొంత దాన్ని చల్లబరచడానికే ఖర్చవుతుంది.

ఎంత సైజు సరిపోతుంది?

కాబ్లర్ అయితే 500 మి.లీ. లేదా 550 దగ్గర చూడండి. అందులో ఒక డ్రింకు హాయిగా, రెండు కాస్త ఇరుగ్గా పడతాయి. ఒక విస్కీ సోర్ సరుకంతా కలిపినా 110, 120 మి.లీ. ఉంటుంది. మిగతాది ఐసుకి, ఐసు అటూ ఇటూ ఎగిరి కొట్టుకోవడానికి కావలసిన ఖాళీకి. నిండా నింపితే ఊపినా ఐసు కదలదు. 350 మి.లీ. షేకర్లు ఫొటోలో ముచ్చటగా ఉంటాయి కానీ ఒక్క డ్రింకుకే అయిపోతాయి. 750 మి.లీ. కాబ్లర్ చిన్న చేతులున్నవాళ్ళకి పట్టు దొరకదు.

బోస్టన్ టిన్నుల సైజులు ఔన్సుల్లో రాస్తారు. 28 ఔన్సులంటే సుమారు 830 మి.లీ., 18 అంటే 530. ఈ రెండూ ఒకదానికొకటి సరైన జోడీ. ఔన్సు అంటే దాదాపు 30 మి.లీ., అంటే మన చిన్న పెగ్గు. అమెరికా కొలతల్లో రాసినవి చూసి కంగారుపడేవాళ్ళకి ఈ ఒక్క లెక్క చాలు: 2 ఔన్సులు అన్నచోట 60 పొయ్యండి.

"స్టైలిష్" అంటే దేన్ని చూడాలి? అన్నీ మెరుస్తూనే ఉన్నాయి కదా!

షేకర్ వంటింటి పనిముట్టు స్థాయి దాటి అలంకారంగా మారింది 1920, 30లలో. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉంది. బార్లు మూతపడ్డాయి, తాగడం ఇళ్ళలోకి మారింది. నిషేధం ఎత్తేశాక ఆ అలవాటు బయటపడి, షేకర్ డ్రాయింగ్ రూమ్ వస్తువైపోయింది. ఆకాశహర్మ్యాలు, రైళ్ళు, ఓడలు, విమానాలు, ఆ రోజుల్లో జనాన్ని అబ్బురపరిచిన ప్రతిదాని ఆకారమూ షేకర్ల మీదికొచ్చింది. నార్మన్ బెల్ గెడ్డిస్ రివేర్ కంపెనీకి చేసిచ్చిన మాన్‌హాటన్ షేకర్ ఒంటిమీద నిలువు గీతలతో, న్యూయార్క్ భవనంలా నిటారుగా నిలబడి ఉంటుంది. నేపియర్ కంపెనీ కోసం ఎమిల్ షుల్కే 1936లో గీసిన పెంగ్విన్ షేకర్‌కి వేలంపాటల్లో ఇప్పటికీ పోటీ. తర్వాత రెండో ప్రపంచయుద్ధం వచ్చి లోహమంతా ఆయుధాలకి పోయింది. ఆ వైభవం అక్కడితో ఆగింది.

యుద్ధం తర్వాత ఇటలీ దీనికి కొత్త రూపం ఇచ్చింది. లుయిజీ మస్సోనీ, కార్లో మజ్జేరీ కలిసి 1957లో అలెస్సీ కంపెనీకి గీసిన షేకర్ ఉంది. పొడుగాటి స్టీలు ఒళ్ళు, మెల్లగా సన్నబడే భుజం, పైన చిన్న మూత. ఒక్క నగిషీ లేదు, రంగు లేదు. ఎప్పుడో గీసిన బొమ్మ, ఇప్పటికీ అమ్ముడుపోతోంది. షేకర్‌లో అందం ఎక్కడుంటుందో చూడాలంటే దీన్ని చూడండి. పైనుంచి కిందికి వచ్చే గీత ఎక్కడా విరగదు. మూత, భుజం, పాత్ర మూడూ ఒకే వస్తువులా కనిపిస్తాయి.

మీరు కొనేది ఆ కంపెనీదే కానక్కర్లేదు. చూసే పద్ధతి మాత్రం అదే. షేకర్‌ని బల్లమీద నిలబెట్టి రెండడుగులు వెనక్కి జరిగి పక్కనుంచి చూడండి. భుజం దగ్గర గీత తెగిందా, మూత మరీ చిన్నదై పిలకలా ఉందా, అడుగు ఇరుకై పడిపోయేలా ఉందా? ఆకారం కుదిరిన షేకర్ సాదా స్టీలులో ఉన్నా నిండుగా ఉంటుంది. కుదరనిదానికి బంగారు రంగు వేసినా ఆ లోటు తీరదు.

బంగారు రంగు, రోజ్ గోల్డ్, నలుపు షేకర్లు బాగుంటాయి. ఎన్నాళ్ళుంటుంది ఆ రంగు?

అది ఏ పద్ధతిలో వేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. మూడు రకాలున్నాయి. పి.వి.డి. పూత అంటే లోహాన్ని శూన్యంలో ఆవిరి చేసి స్టీలు మీద పట్టించడం. మంచి వాచీల మీద ఉండేది ఇదే. చాలా గట్టిది, సంవత్సరాలు ఉంటుంది. రెండోది ఎలక్ట్రోప్లేటింగ్, అంటే పల్చటి రాగి, బంగారు రంగు పొర. మొదట్లో అందరికన్నా అందంగా మెరిసేది ఇదే, కానీ రోజూ రుద్దితే అరుగుతుంది. మూడోది మామూలు పెయింటు, లేదా పౌడర్ కోటింగ్. దీనికి మొదటి దెబ్బ అంచులో తగులుతుంది, ఎందుకంటే రెండు ముక్కలూ రాసుకునేది అక్కడే. పెచ్చు లేచిందంటే అది పడేది మీ గ్లాసులోనే.

అందుకని రంగు షేకర్ కొంటే పెట్టె మీద పి.వి.డి. అని రాసి ఉందా చూడండి. లోపలి గోడ, అతుకు కూర్చునే చోటు రంగు లేకుండా సాదా స్టీలుగా ఉన్నవి ఇంకా మంచివి. నలుపు మ్యాట్ ఫినిషింగ్ మీద వేలిముద్రలు, ఉప్పునీటి మరకలు ఎక్కువ తెలుస్తాయి. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో ఇది రోజూ విసిగిస్తుంది. బ్రష్డ్ స్టీలు, అంటే సన్నటి గీతలతో మసకగా మెరిసేది, గీతలనూ మరకలనూ బాగా దాచుకుంటుంది.

రాగి, ఇత్తడి షేకర్లు వాడొచ్చా?

లోపల ఏముందో చూసి చెప్పాలి. నిమ్మరసం పుల్లదనం రాగినీ ఇత్తడినీ తినేస్తుంది. లోహం రసంలోకి దిగుతుంది, ఒక రకమైన చేదు, కంపు వస్తాయి, కడుపుకీ మంచిది కాదు. పుల్లటి పులుసు కళాయి లేని ఇత్తడి గిన్నెలో కాచకూడదని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పేది ఇందుకే. షేకర్‌కీ అదే సూత్రం. లోపల స్టీలు ఉండి పైన మాత్రమే రాగి ఉంటే నిశ్చింతగా వాడండి. లోపల కళాయి ఉంటే అది అరగకుండా చూసుకోవాలి, గరుకు పీచుతో తోమకూడదు. లోపల కూడా పచ్చి రాగి, పచ్చి ఇత్తడి కనిపిస్తే షెల్ఫులో బొమ్మగా ఉంచుకోండి.

ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరు. అక్కడి బార్ సామాన్లు విదేశాలకూ వెళ్తాయి. అంటే అమెరికాలో ఖరీదైన కొట్లో కనిపించే ఇత్తడి షేకర్ మన దేశంలోనే తయారై ఉండొచ్చు. ఇత్తడి మీద ఇష్టం ఉంటే నాదో సలహా: షేకర్ స్టీలులో తీసుకుని, దాని కింద పెట్టే ట్రే, పక్కన వేలాడే పలక ఇత్తడిలో పెట్టండి. జనగామ దగ్గర పెంబర్తిలో రేకు ఇత్తడి మీద చేసే పనికి సాటిలేదు. పుల్లటి రసం తగలని చోట ఆ పని పదికాలాలు ఉంటుంది.

మంచి స్టీలా కాదా అని ఎలా తెలుస్తుంది? అయస్కాంతం పెట్టి చూడమంటున్నారు.

అయస్కాంతం పరీక్షని పూర్తిగా నమ్మకండి. మంచి గ్రేడ్ అయిన 304కి, అంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 18/8కి, అయస్కాంతం సాధారణంగా అంటుకోదు. నిజమే. కానీ నికెల్ తగ్గించి చౌకగా చేసే 201 గ్రేడ్‌కి కూడా అంటుకోదు! మరోవైపు, 304 రేకునే లోతుగా లాగి పాత్రలా మలిచినప్పుడు వంపుల దగ్గర కొద్దిగా అంటుకోవచ్చు. కాబట్టి అంటుకోకపోతే మంచిదనీ, కాస్త అంటుకుంటే నకిలీ అనీ తేల్చెయ్యకూడదు.

అడుగున 304 అనో 18/8 అనో ముద్ర ఉందా చూడండి, బిల్లు మీద రాయించుకోండి. చేతిలోకి తీసుకుని గోడని రెండు బొటనవేళ్ళతో నొక్కండి. డొక్కుపడేలా లోపలికి పోతే రేకు పల్చన, మూత అతుకు ఎన్నాళ్ళో నిలవదు.

గాజు షేకర్లు, డబుల్ వాల్ షేకర్లు ఎలా ఉంటాయి?

గాజు మీద డ్రింకుల కొలతలు అచ్చేసి వచ్చేవి చూడముచ్చటగా ఉంటాయి, లోపల ఏం జరుగుతోందో కనిపిస్తుంది. నిలబెట్టి అతిథులకి చూపించడానికి బాగుంటాయి. గట్టిగా ఊపడానికి పనికిరావు.

డబుల్ వాల్ అంటే ఫ్లాస్కులా రెండు గోడలున్నవి. చెయ్యి చల్లబడదు, బయట చెమ్మ పట్టదు. కానీ ఆ చెమ్మే మనకి గుర్తు. ఒకే గోడ ఉన్న స్టీలు షేకర్‌లో పది సెకన్లకి ఒంటిమీద తెల్లటి మంచు పొర వస్తుంది, వేళ్ళకి చల్లదనం కుడుతుంది, ఐసు మోగే చప్పుడు మారుతుంది. ఆపాల్సిన సమయం ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. డబుల్ వాల్‌లో ఆ కబురు అందదు. చేతులకి చలి పడనివాళ్ళకి తప్ప నేను సిఫారసు చెయ్యను.

కొట్లో కొనేటప్పుడు ఏమేం చూడాలి?

ముందు అంచు. టిన్ అంచుని బొటనవేలితో చుట్టూ నిమరండి. బయటికి చుట్టి మడిచిన అంచు నున్నగా తగులుతుంది. కోసి వదిలేసిన అంచు గోరుకి పట్టుకుంటుంది. మడిచిన అంచు కింద సందు మిగిలిపోయి ఉంటే అక్కడ పళ్ళరసం చేరి, నెల తిరిగేసరికి నల్లటి గీత కడుతుంది. ఎంత తోమినా రాదు.

తర్వాత జల్లెడ. కాబ్లర్ పై ముక్కని దీపం వైపు పెట్టి రంధ్రాల్లోంచి చూడండి. రంధ్రాల చుట్టూ గరుకు పొలుసులు ఉండకూడదు. రంధ్రాలు మరీ చిన్నవీ తక్కువా అయితే మామిడి గుజ్జు, పుదీనా ఆకు పడ్డప్పుడు డ్రింకు బొట్లుబొట్లుగా దిగుతుంది.

మూత పెట్టి తియ్యండి. అయిదారుసార్లు. బిర్రుగా కూర్చోవాలి, కానీ లాగితే ఊగకుండా నిటారుగా రావాలి. పక్కకి ఊగేది కారుతుంది. మెలితిప్పితే గాని రానిది చల్లబడ్డాక అసలు రాదు. బరువు కోసం అడుగున పళ్ళెం అతికించిన టిన్ను అయితే చెవి దగ్గర పెట్టి ఊపండి, ఏమైనా గలగలలాడితే ఆ అతుకు సరిగా లేదు, కడిగిన నీళ్ళు అందులోకి పోతాయి.

ఆన్‌లైన్‌లో కొంటే వచ్చిన రోజే నీళ్ళ పరీక్ష చెయ్యండి. సగం నీళ్ళు, నాలుగు ఐసు ముక్కలు వేసి, మూత బిగించి, సింకు మీద పదిహేను సెకన్లు ఊపండి. ఒకటి రెండు చుక్కలు చెమర్చితే ఫరవాలేదు. ధార కట్టినా, పక్కనుంచి చిమ్మినా వెంటనే వాపసు పెట్టండి. వాపసు గడువు దాటాక తెలిస్తే లాభం లేదు.

మూత బిగుసుకుపోయి రావట్లేదు. ఏం చెయ్యాలి?

దాదాపు అందరికీ వచ్చే ఇబ్బందే ఇది. ఊపినప్పుడు లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది. లోపల ఒత్తిడి తగ్గడంతో బయటి గాలి మూతని నొక్కిపట్టి ఉంచుతుంది. ఆ పట్టు వల్లే ఊపేటప్పుడు కారదు, ఆ పట్టు వల్లే తర్వాత ఊడిరాదు.

కాబ్లర్‌కి: వేడినీళ్ళలో ముంచి పిండిన బట్టని అతుకు చుట్టూ, పై ముక్క మీద మాత్రమే అర నిమిషం చుట్టి ఉంచండి. తర్వాత మెలితిప్పకుండా అటూ ఇటూ నెమ్మదిగా ఊపుతూ పైకి లాగండి. గ్రానైట్ గట్టుకేసి కొట్టకండి, ఒక్క దెబ్బకి అంచు గుండ్రం తప్పుతుంది, ఇక జన్మలో సరిగా కూర్చోదు. ముందే రాకుండా ఉండాలంటే భుజం ముక్కని ముందు పెట్టి, లోపలి గాలి పోయాక, చివర్లో చిన్న మూత పెట్టండి. రెండూ కలిపి ఒకేసారి అదమకండి.

బోస్టన్‌కి: చిన్న టిన్నుని ఎప్పుడూ కాస్త ఏటవాలుగా పెట్టాలి. అప్పుడు ఒక పక్క రెండు టిన్నుల గోడలు ఒకే గీతలో ఉంటాయి, ఎదురుపక్క ఎడం కనిపిస్తుంది. ఆ రెంటికీ నడుమ, ఎడం మొదలయ్యే చోట, అరచేతి కింది భాగంతో ఒక్క తట్టు తట్టండి. టక్కుమని చప్పుడొచ్చి విడిపోతుంది. బలం అక్కర్లేదు, చోటు సరిగ్గా తెలియాలి.

జపాన్ షేకర్లు అంత ఖరీదెందుకు? నిజంగా తేడా ఉంటుందా?

ఉంటుంది. యుకివా లాంటి జపాన్ కాబ్లర్లలో మూడు ముక్కలూ చక్కగా అమరుతాయి, భుజం గుండ్రంగా ఉండి ఐసు మూలల్లో కొట్టుకుని పగలకుండా దొర్లుతుంది. బర్డీ అనే రకాన్ని తయారుచేసేది కార్ల విడిభాగాలు చేసే ఒక సంస్థ. లోపలి గోడని అతి సూక్ష్మంగా సాన పట్టడమే వాళ్ళ ప్రత్యేకత. టోక్యో గింజా ప్రాంతంలోని బార్లలో షేకర్ పట్టుకునే తీరు, ఊపే తీరు మీద ఏళ్ళ తరబడి సాధన చేస్తారు. ఆ సంప్రదాయంలోంచి వచ్చిన వస్తువులివి.

అయితే ఫ్రిజ్ ట్రేలో వచ్చే బోలు ఐసుతో, కొలత లేకుండా పోసే చేతితో ఆ తేడా అందదు. ముందు మంచి ఐసు ట్రే, ఒక జిగ్గర్, అంటే మందు కొలిచే చిన్న కప్పు, కొనండి. రెండున్నర, మూడు సెంటీమీటర్ల ఘనాలు వచ్చే సిలికాన్ అచ్చు చాలు. ఐసుని ఫ్రీజర్‌లోంచి అప్పుడే తియ్యాలి. మన ఎండాకాలంలో అయిదు నిమిషాలు గిన్నెలో ఉంచినా ఒంటినిండా నీళ్ళు కారి డ్రింకు పల్చబడుతుంది. మరోటి, చేపలూ మసాలాలూ ఉండే ఫ్రీజర్‌లో ఐసుకి మూత తప్పనిసరి.

పదిహేను ముక్కల సెట్ తీసుకోనా, విడివిడిగా కొననా?

విడివిడిగానే. పెద్ద సెట్లలో చెక్క స్టాండు బాగుంటుంది, సగం పనిముట్లు మాత్రం లెక్క కోసం వేసినవి. ఇంటికి కావలసినవి: షేకర్, 30, 60 మి.లీ. కొలతలున్న జిగ్గర్, పొడుగు చెంచా, బోస్టన్ అయితే హాథార్న్ స్ట్రెయినర్. పుదీనా, నిమ్మచెక్కలు నలపడానికి చిన్న రోకలి లాంటిది కావాలంటే వార్నిష్ లేని చెక్కది తీసుకోండి. సన్నటి జాలి కోసం వంటింట్లో టీ వడగట్టేదే సరిపోతుంది, దానికి టీ వాసన లేకుండా చూసుకోండి.

మా ఇంట్లో మందు ముట్టరు. షేకర్ కొంటే దండగా?

అస్సలు కాదు. నాకు తెలిసిన ఇళ్ళలో షేకర్ ఎక్కువగా పనిచేసేది మధ్యాహ్నం పూటే. సుగంధి సిరప్, నిమ్మరసం, చిటికెడు ఉప్పు, ఐసు వేసి ఊపి చూడండి, పైన తెల్లటి నురగ కడుతుంది. బంగినపల్లి గుజ్జులో కాస్త పాలు, యాలకుల పొడి వేసి ఊపితే మిక్సీ తియ్యక్కర్లేదు. అల్లం, కరివేపాకు నలిపిన మజ్జిగ వడపోతతో సహా షేకర్‌లోనే అయిపోతుంది. అరకు కాఫీ పొడితో చిక్కటి డికాక్షన్ తీసి, చల్లార్చి, పంచదార, ఐసుతో పదిహేను సెకన్లు ఊపండి. లండన్ బార్లలో 1980లలో పుట్టిన ఎస్ప్రెసో మార్టినీ మీద కనిపించే లేత గోధుమరంగు నురగ మద్యం లేకుండానే వస్తుంది. బెల్లం పానకం కూడా బాగుంటుంది. శొంఠి, మిరియాలు ముందు వడగట్టుకోవాలి, లేకపోతే జల్లెడలో అడ్డుపడతాయి.

ఆల్కహాల్ లేనివి సున్నా కన్నా అంతగా కిందికి దిగవు. ఐసు కరిగి నీళ్ళు మాత్రం వీటిలోనూ కలుస్తాయి, కాబట్టి కొలతలో నీళ్ళు కాస్త తగ్గించి మొదలుపెట్టండి.

షేకర్‌లో వెయ్యకూడనివి ఏమైనా ఉన్నాయా?

సోడా, టానిక్, బీరు, గ్యాస్ ఉన్న ఏ కూల్‌డ్రింకూ వెయ్యకూడదు. మూత ఎగిరి మొహం మీదికొస్తుంది. అవి గ్లాసులో చివర పొయ్యాలి. వేడివేడి కాఫీ, టీ కూడా వద్దు, ఆవిరికీ అంతే ఒత్తిడి వస్తుంది. తెల్లసొన వేసి ఐసు లేకుండా ఊపేటప్పుడు మూతని పట్టి ఉంచే చల్లదనం ఉండదు కాబట్టి రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి. గుడ్డు తాజాగా ఉండాలి. గర్భిణులకి, చిన్నపిల్లలకి, పెద్ద వయసువాళ్ళకి పచ్చి గుడ్డుది ఇవ్వకండి.

కడగడం, తోమడం ఎలా?

అయిపోయిన వెంటనే కడిగెయ్యడం ఒక్కటే పెద్ద రహస్యం. నిమ్మరసం, ఉప్పు రాత్రంతా ఉండిపోతే మంచి స్టీలుకైనా చిన్నచిన్న చుక్కల్లా గుంటలు పడతాయి. మెత్తటి స్పాంజి, గిన్నెల లిక్విడ్ చాలు. స్టీలు పీచు వాడకండి. బ్లీచింగ్ అసలే వద్దు. తెల్లసొన వాడితే ముందు చన్నీళ్ళతో కడగండి, వేడినీళ్ళు పోస్తే గోడకి ఉడికి అంటుకుంటుంది. వాసన పోకపోతే వంటసోడా నీళ్ళలో పావుగంట నానబెట్టండి. బోరు నీటి తెల్ల మరకలకి వెనిగర్ కలిపిన నీళ్ళు రాసి, కడిగి, బట్టతో తుడవండి.

చింతపండు గురించి జాగ్రత్త. గట్టి ఇత్తడికి అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రాగి రంగు, బంగారు రంగు పల్చగా పూసిన షేకర్‌ని చింతపండుతోనో, ఇత్తడి తోమే పొడితోనో రుద్దితే ఆ పొరే లేచిపోతుంది. పనిమనిషి తోముతుంటే ఈ సంగతి ముందే చెప్పండి, ఆవిడకి అది ఇత్తడి గిన్నెలాగే కనిపిస్తుంది.

ఆరాక మూత బిగించి దాచకండి. ముక్కలు విడివిడిగా బోర్లించండి. బిగించి పెడితే లోపల ముక్కవాసన పడుతుంది.

గృహప్రవేశానికి గిఫ్టుగా ఇవ్వొచ్చా?

ఆ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరెవరు ఉంటారో ముందు కనుక్కోండి. పదిమంది ముందు పెట్టె తెరిస్తే వాళ్ళకి ఇబ్బందిగా ఉంటుందనిపిస్తే విడిగా ఇవ్వండి, కాఫీకీ జ్యూసులకీ పనికొస్తుందని చెప్పి ఇస్తే ఇంకా బాగుంటుంది. ఇవ్వడానికి సాదా స్టీలు, 500 మి.లీ. కాబ్లర్ ఎంచుకోండి, ఏ ఇంటి రంగులతోనైనా కలుస్తుంది. పేరు చెక్కించాలనుకుంటే లేజర్‌తో, అడుగుకి దగ్గరగా, చిన్న అక్షరాల్లో చెక్కించండి. తెలుగు అక్షరాలు స్టీలు మీద ఎంత అందంగా వస్తాయో ఒకసారి చూడాలి. పెయింటు వేసిన షేకర్ మీద మాత్రం చెక్కించొద్దు, చెక్కిన చోటినుంచే పెచ్చులు లేస్తాయి.

పాత సామాన్ల కొట్లో ఒక వెండిపూత షేకర్ దొరికింది. వాడుకోవచ్చా?

లోపలికి టార్చి వేసి చూడండి. పూత అక్కడక్కడ లేచి పసుపు రంగో ఎర్రటి రంగో కనిపిస్తే దాంట్లో పోసి తాగకండి. పాత అతుకుల్లో సీసం కలిసిన టంకం ఉండే అవకాశం కూడా ఉంది. అలాంటిదాన్ని షెల్ఫులో ఎదురుగా నిలబెట్టుకోండి. లోపల మళ్ళీ పూత వేయించాలనుకుంటే తినే పాత్రలకి వేసే పనివాళ్ళకే ఇవ్వండి, షోపీసులకి మెరుగు పెట్టేవాళ్ళకి ఇవ్వొద్దు.